అన్ని ఆటల్నీ ఒకే గాటన కట్టకండి

సంపాదకులకు నమస్కారం.

ఈ మధ్య ఏ పత్రిక తీసినా గేమ్ అన్న మాట కనబడితే దాని పక్కనే "బానిసై" అన్న మాట కూడా ఉంటోంది. ఆన్‌లైన్ గేమ్‌లకు బానిసై అప్పుల పాలయ్యాడు, గేమ్‌లకు బానిసై చదువు మానేశాడు. ఆ వార్తలు అబద్ధాలని నేను అనను, ఆ ఇళ్ళల్లో జరిగిన నష్టం చిన్నది కాదు. కానీ డబ్బు పెట్టి ఆడే రమ్మీనీ, అర్ధరాత్రి దాకా దుప్పటి ముసుగేసుకుని ఒక్కడే ఫోన్లో ఆడే షూటింగ్ ఆటనీ, హాల్లో టీవీ ముందు నలుగురు నిలబడి కలిసి ఆడే ఆటనీ ఒకే గాటన కట్టేస్తుంటే ఊరుకోబుద్ధి కావడం లేదు. అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగైనా కత్తిరించకుండా వేస్తారని ఆశ.

చట్టాలు ఈ తేడా ఎప్పుడో పట్టుకున్నాయి. డబ్బు పందెం ఉన్న ఆన్‌లైన్ ఆటల మీద తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధం పెట్టాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని దేశమంతటా నిషేధిస్తూనే, ఈ-స్పోర్ట్స్‌నీ (అంటే క్రీడా పోటీల్లా జరిపే వీడియో గేమ్‌లనీ), పందెం లేని సోషల్ గేమ్‌లనీ వేరుగా పెట్టి, వాటిని ప్రోత్సహిస్తామంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి నుంచి అమల్లోకి తెచ్చిన జబ్బుల పట్టికలో గేమింగ్ డిజార్డర్ ఉన్న మాట నిజమే, కానీ అందులోనూ ఆట మీద అదుపు తప్పిపోవడం, మిగతా పనులన్నీ వెనక్కి పోవడం, నష్టం జరుగుతోందని తెలిసినా మానలేకపోవడం, ఇవన్నీ మామూలుగా ఓ ఏడాది పాటు కనబడితేనే ఆ పేరు పెట్టమన్నారు. మన హెడ్డింగుల్లో మాత్రం ఇంత వివరం ఉండదు, రిమోట్ పట్టుకున్న ప్రతి పిల్లాడూ అనుమానితుడే.

ఇప్పుడు నాకు బాగా తెలిసిన ఒక ఆట గురించి చెబుతాను. దాని పేరు మార్వెల్ అల్టిమేట్ అలయన్స్. 2006లో వచ్చింది, పాతదే. రావెన్ సాఫ్ట్‌వేర్ వాళ్ళు తయారు చేశారు, నింటెండో కంపెనీ వాళ్ళ వీ అనే, టీవీకి తగిలించి ఆడే యంత్రం మీది వెర్షన్ మాత్రం వికేరియస్ విజన్స్ వాళ్ళ పని. డాక్టర్ డూమ్ అనే విలన్ మిగతా విలన్లందర్నీ కూడగట్టుకుని షీల్డ్ అనే గూఢచారి సంస్థ వాళ్ళ ఎగిరే ఓడ మీద దాడి చేస్తాడు, కెప్టెన్ అమెరికా, స్పైడర్‌మ్యాన్, థార్, వుల్వరిన్ అక్కడ దిగుతారు, ఇక అక్కణ్ణించి సముద్రం అడుగున అట్లాంటిస్, దేవతలుండే ఆస్గార్డ్, చివరికి డూమ్ కోట దాకా యుద్ధమే. ఎంచుకోవడానికి ఇరవై మందికి పైగా వీరులున్నారు, ఒకేసారి నలుగురు ఆడొచ్చు.

అమెరికాలో ఉండే మా చిన్న మరిది ఓసారి వస్తూ వస్తూ ఆ వీ యంత్రాన్నీ, ఈ డిస్కునీ తెచ్చాడు. అక్కడ కొన్న యంత్రం కాబట్టి దాని అడాప్టర్ 120 వోల్టులదే, తిన్నగా మన ప్లగ్గులో పెడితే కాలిపోతుంది, స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి కొనాల్సి వచ్చింది. డిస్కులు కూడా అక్కడివే నడుస్తాయి. అమెరికా బంధువుల దగ్గర్నించి ఇలాంటివి తెప్పించుకునేవాళ్ళు ముందే తెలుసుకుంటే మంచిదని ఈ సంగతి రాస్తున్నాను.

దీనిలో చేత్తో ఆడించే పద్ధతే అసలు విషయం. కుడిచేతిలో రిమోట్, ఎడమచేతిలో నన్‌చక్ అనే చిన్న ముక్క. నన్‌చక్ మీద బొటనవేలితో తోసే పుల్ల ఉంటుంది, దానితో మన వీరుడు నడుస్తాడు, రిమోట్‌ని పైకి ఎగరేసినట్టు ఊపితే ఒక దెబ్బ, కిందికి బాదినట్టు ఊపితే ఇంకోటి, ముందుకు పొడిస్తే మరొకటి. రిమోట్ లోపల మన చేతి కదలికని పసిగట్టే చిన్న చిప్పు ఉంటుంది, అక్సెలరోమీటర్ అంటారు. టీవీ దగ్గర పెట్టే సెన్సర్ బారే మన చేతిని చూస్తుందని చాలామంది అనుకుంటారు కానీ అందులో ఉన్నవి ఇన్‌ఫ్రారెడ్ లైట్లే, వాటిని చూసే కెమెరా రిమోట్ మొనలో ఉంటుంది, తెర మీద దేన్నయినా గురిపెట్టి చూపించడానికి అది పనికొస్తుంది. కిటికీలోంచి ఎండ నేరుగా పడితే ఆ కెమెరా తికమకపడుతుంది, కర్టెన్ వేస్తే సరిపోతుంది.

మా తోడికోడలు అంతకుముందు ఏ వీడియో గేమూ ఆడలేదు. మామూలు గేమ్‌ప్యాడ్ ఇస్తే, అన్ని బటన్లు చూసి "నాకొద్దక్కా, మీరు ఆడండి" అనే మనిషి. ఈ రిమోట్ చేతికిచ్చి, థార్ సుత్తిని ఇలా పైకి లేపి ఇలా కొట్టాలి పిన్నీ అని మా అమ్మాయి చూపిస్తే, కాసేపట్లోనే కొంగు నడుముకి దోపుకుని ఆడేసింది. పదేళ్ళ పిల్లాడూ నలభై ఏళ్ళ ఆవిడా ఒకే జట్టులో, ఒకళ్ళ మీద ఒకళ్ళు దయ చూపించకుండా, సమానంగా ఆడగలిగే పరిస్థితి మన ఇళ్ళల్లో ఎన్ని పనుల్లో ఉంది చెప్పండి. కదలికతో ఆడించడం వల్ల ఆ తలుపు తెరుచుకుంది, నాకు ఈ ఆట మీద ఇంత ప్రేమ ఉండడానికి సగం కారణం అదే.

రెండో సగం, తెర ఒక్కటే కావడం. ఎవరి ముక్క వాళ్ళకి పంచి ఇవ్వరు, నలుగురు వీరులూ ఒకే బొమ్మలో ఉండాలి. ఒకడు ఆవేశంగా ముందుకు ఉరికితే, మిగతావాళ్ళు కదలకపోతే, వాడు తెర అంచున ఆగిపోవాల్సిందే. "ఆగరా, పిన్ని ఇంకా వంతెన దాటలేదు" అని ఒకళ్ళు అరుస్తారు, వాడు విసుక్కుంటూనే ఆగుతాడు. నలుగురూ పడిపోతే ఆట మళ్ళీ ఆఖరిసారి సేవ్ చేసిన చోటికి పోతుంది కాబట్టి, ఒక్కడి గొప్పతనం వల్ల జట్టు గట్టెక్కదు.

ఈ ఆటలో మెఫిస్టో అనే నరకపు దొర ఉంటాడు. వాడి రాజ్యంలో ఒకచోట జీన్ గ్రే, నైట్‌క్రాలర్ అనే ఇద్దరు మంచివాళ్ళు బందీలుగా ఉంటారు, ఇద్దరిలో ఒక్కర్నే కాపాడగలం, రెండోవాళ్ళు పోతారు. మా ఇంట్లో ఆ ఘట్టం వచ్చినప్పుడు ఆట అక్కడే ఆపేశారు. మా అబ్బాయి, జీన్‌కి శక్తులెక్కువ, ఆవిణ్ణి వదిలేస్తే తర్వాత మనకే ప్రమాదం అన్నాడు. తోడికోడలి చిన్నవాడు, నైట్‌క్రాలర్ మనల్ని నమ్ముకుని ఉన్నాడు, అతని మొహం చూస్తే అందరూ భయపడతారు కాబట్టి అతనికి ఇంకెవరూ లేరు అన్నాడు. చూడండి, పదేళ్ళవాడు ఆ మాటన్నాడు. అన్నాలు తింటూ కూడా అదే గొడవ, రాత్రి పడుకునేముందు కూడా అదే. మర్నాడు ఓటు పెట్టుకుని నైట్‌క్రాలర్‌ని కాపాడారు. ఆట పూర్తయ్యాక వాచర్ అనే పాత్ర వచ్చి, మనం చేసిన పనులకీ చెయ్యకుండా వదిలేసినవాటికీ తర్వాత ఏం జరిగిందో చెబుతాడు. జీన్ డార్క్ ఫీనిక్స్ అనే భయంకరమైన రూపంలో తిరిగొచ్చిందని అతను చెప్పగానే మా అబ్బాయి "నేను ముందే చెప్పానా లేదా" అని లేచి నిలబడ్డాడు, చిన్నవాడు మాత్రం "అయినా సరే" అన్నాడు. జీన్‌ని కాపాడితే ఏమవుతుందో చూద్దామని మళ్ళీ మొదట్నుంచీ ఆడారు. అప్పుడు నైట్‌క్రాలర్ తల్లి మిస్టీక్ పగబట్టి వాళ్ళ గురువు ప్రొఫెసర్ ఎక్స్‌ని చంపేస్తుంది. ఏ దారిలో వెళ్ళినా పోయేది పోతుందని అప్పుడు ఇద్దరికీ తెలిసింది. ఒక్కడే కూర్చుని ఆడుతుంటే ఏదో ఒకటి నొక్కేసి ముందుకు పోయేవాడు, పక్కన మరొకరున్నారు కాబట్టి తను ఎందుకు అలా అనుకుంటున్నాడో నోరు తెరిచి చెప్పాల్సి వచ్చింది.

లోపాల్లేవని కాదు. పొడిచినదాన్ని ఊపినట్టు, ఊపినదాన్ని పొడిచినట్టు అర్థం చేసుకుంటుంది ఒక్కోసారి, చిరాకేస్తుంది. ఎక్కువసేపు ఆడితే మణికట్టు లాగుతుంది. చేతిపట్టీ తప్పకుండా వేసుకోవాలి, ఇది ఊరికే చెప్పే జాగ్రత్త కాదు, వీ విడుదలైన కొత్తలోనే రిమోట్లు చేతిలోంచి జారి ఎగిరిపోతున్నాయని 2006 డిసెంబరులో నింటెండో సుమారు 32 లక్షల పట్టీలు మార్చి ఇవ్వడానికి సిద్ధపడింది, మరుసటి ఏడాది రిమోట్లకి మెత్తటి తొడుగులు ఉచితంగా ఇచ్చింది. టీపాయ్ పక్కకి జరిపి, గాజు షోకేస్‌కి దూరంగా నిలబడి ఆడాలి. ఇంకో మాట, ఒక చెయ్యి సరిగా స్వాధీనంలో లేని పిల్లలకి ఈ రిమోట్, నన్‌చక్ పద్ధతి అస్సలు కుదరదు. కదలికతో ఆడించే పద్ధతి పెట్టాలి కానీ, బటన్లతో ఆడే దారి కూడా పక్కనే ఉంచాలి. అది లేకుండా ఆటలు తయారు చేయడం అన్యాయం.

కొట్లాట ఆట కదా, పిల్లలకి మంచిదా అని మీరు అడగొచ్చు. అమెరికాలో దీనికి టీన్ రేటింగ్ ఇచ్చారు, అంటే 13 ఏళ్ళు దాటినవాళ్ళకి అని. మా చిన్నవాడు అంతకన్నా చిన్నవాడే, అందుకే పెద్దవాళ్ళు పక్కన లేకుండా ఆ డిస్కు పెట్టనివ్వలేదు, ఇప్పటికీ నేను చెప్పేది అదే. హాల్లో పెద్ద టీవీ మీద ఆడే ఆటని ఇంటిల్లిపాదీ చూస్తుంటారు, ఫోన్లో ఏం జరుగుతోందో ఎవరు చూస్తున్నారు?

బాధేమిటంటే ఇలాంటి ఆటలు తగ్గిపోతున్నాయి. వీ యంత్రాలు ప్రపంచమంతా 10 కోట్లకి పైగా అమ్ముడయ్యాయి, అది చూసి మైక్రోసాఫ్ట్ 2010లో అసలు రిమోటే అక్కర్లేని కినెక్ట్ తెచ్చింది, 2017లో దాని తయారీ ఆపేసింది. 2020లో వచ్చిన మార్వెల్స్ అవెంజర్స్‌లో నలుగురు కలిసి ఆడొచ్చు కానీ ఎవరింట్లో వాళ్ళు కూర్చుని, ఇంటర్నెట్ మీద. 2022లో వచ్చిన గోథమ్ నైట్స్ కూడా అంతే, ఇద్దరు ఆడాలంటే రెండు యంత్రాలు కావాలి. అంటే ఒక ఇంట్లో అన్నాచెల్లెళ్ళు కలిసి ఆడాలన్నా రెండు యంత్రాలు, రెండు టీవీలు, రెండు కాపీలు. మధ్యతరగతి ఇంట్లో అది జరిగే పనేనా? ఒక డిస్కుతో నలుగురు ఆడితే కంపెనీకి ఒక్క డిస్కు సొమ్మే వస్తుంది, వాళ్ళ లెక్క నాకు అర్థమవుతూనే ఉంది, కానీ ఆ లెక్కలో మన హాలు ఖాళీ అయిపోతోంది. పైగా ఆ అవెంజర్స్ ఆటని 2023 సెప్టెంబరు చివర అమ్మకాల నుంచే తీసేశారు. అల్టిమేట్ అలయన్స్‌ని 2016లో కొత్త యంత్రాల కోసం ఆన్‌లైన్ స్టోర్లలో మళ్ళీ పెట్టి 2018లో తీసేశారు. మా ఇంట్లో డిస్కు ఉంది కాబట్టి మేం ఇంకా ఆడుకుంటున్నాం, కొత్తగా ఆడాలనుకునేవాళ్ళు సెకండ్ హ్యాండ్‌లో వెతుక్కోవాల్సిందే.

పూర్తిగా లేకుండా పోలేదు. ఈ ఆటకే మూడో భాగం 2019లో నింటెండో స్విచ్ మీద వచ్చింది, నలుగురూ ఒకే తెర మీద ఆడొచ్చు. లెగో మార్వెల్ సూపర్ హీరోస్ 2013లోది, ఇద్దరు పక్కపక్కన కూర్చుని ఆడొచ్చు, చిన్నపిల్లలకి ఇంకా బాగుంటుంది. కానీ ఈ సంగతులు తెలుగులో ఎవరు చెబుతున్నారు? పండక్కి పిల్లాడికి గేమ్ కొనిపెట్టాలనుకున్న తండ్రి షాపువాడి మాట నమ్మి కొనుక్కొస్తాడు, ఇంటికొచ్చాక అది ఒక్కడే ఆడేదని తెలుస్తుంది, మర్నాటి నుంచి ఆ పిల్లాడు గదిలో తలుపేసుకుంటాడు, మూణ్ణెల్లకి మీరు "బానిసై" అని రాస్తారు.

అందుకని మిమ్మల్ని అడిగేది రెండు. ఒకటి, డబ్బు పందెం వార్త అయితే హెడ్డింగులోనే ఆన్‌లైన్ జూదం అని స్పష్టంగా రాయండి, గేమ్ అని వదిలెయ్యకండి. రెండు, ప్రతి శుక్రవారం విడుదలయ్యే సినిమాలన్నిటికీ సమీక్షలు వేస్తున్నారు, ఆదివారం పుస్తకంలో ఒక మూల నెలకో వీడియో గేమ్ గురించి రాయించండి. కథ బాగుందా బొమ్మలు బాగున్నాయా అన్నది తర్వాత. ఏ వయసు వాళ్ళకి, ఒకే గదిలో ఎంతమంది ఆడొచ్చు, ఇంటర్నెట్ తప్పనిసరా, కొన్నాక మధ్యమధ్యలో మళ్ళీ డబ్బులు అడుగుతుందా, చేతులు సరిగా లేనివాళ్ళు ఆడగలరా, ఈ అయిదూ ఉంటే తల్లిదండ్రులకి చాలు. రాసేవాళ్ళు దొరకరని అనుకోకండి, ఇంజినీరింగ్ కాలేజీల్లో ఈ విషయం మీద గంటలకొద్దీ మాట్లాడే పిల్లలున్నారు, తెలుగులో చక్కగా రాయగలరు కూడా, ఒక్కసారి ప్రకటన ఇచ్చి చూడండి.

– ఒక పాఠకురాలు, కాకినాడ