అది నమస్కారం కాదు

సంపాదకులకు,

గత ఆదివారం మీ అనుబంధంలో ఒక ఫోటో వేశారు. చెన్నైలో ఎవరో ఇంట్లో పెంచుకుంటున్న పెద్ద సాలీడు వెనక్కు వాలి, ముందు కాళ్ళు రెండు జతలూ పైకెత్తి నిలబడింది. దాని ఎదుట ఆరేడేళ్ళ పాప వేలు చాపి నవ్వుతోంది. కింద 'వచ్చిన వారికి నమస్కారం పెట్టే సాలీడు' అని రాశారు. మా ఇంట్లో అందరూ చూసి ముచ్చటపడ్డారు, మా మనవడు తప్ప. వాడు కాఫీ గ్లాసు పక్కన పెట్టి, "తాతయ్యా, ఆ పాప వేలికీ దాని కోరలకూ మధ్య జానెడు దూరం కూడా లేదు" అన్నాడు. పేపరు చదవడానికి నేను వాడే భూతద్దం తెచ్చి చూశాను. నిజమే. నోటి దగ్గర రెండు నల్లటి కోరలు విచ్చుకుని ఉన్నాయి. ఎత్తిన కాళ్ళ అడుగున పసుపు రంగు కొట్టొచ్చినట్టు కనబడుతోంది. ఆ పసుపు సంగతి తరువాత చెబుతాను.

నేను రైల్వేలో ముప్ఫై నాలుగేళ్ళు ఫిట్టరుగా పనిచేశాను, అందులో సగానికి పైగా గుత్తి డీజిల్ షెడ్డులోనే. ఇప్పుడు పెరంబూరులో కూతురి ఇంట్లో ఉంటున్నాను. సాలీళ్ళ గురించి నేను చదువుకున్నది ఏమీ లేదు. బీఎస్సీ జంతుశాస్త్రం చదివే మా మనవడు రెండేళ్ళ క్రితం, పై చదువులకు ఊరు విడిచి వెళ్తున్న సీనియర్ దగ్గరి నుంచి టరాంటులా అనే పెద్ద బొచ్చు సాలీడును ఇంటికి తెచ్చాడు. 'చిలీ రోజా' అంటారు దాన్ని. దక్షిణ అమెరికాలో చిలీ దేశపు పొడినేలల్లో ఉండే జాతి. మట్టి రంగు ఒళ్ళు, వీపు మీద గులాబీ ఛాయలో మెరిసే నూగు, కాళ్ళు చాచితే నా అరచేయంత. వాడు కాలేజీకి వెళ్తే పగలంతా దానికి దిక్కు నేనే. మా ఆవిడ మొదటి నెల రోజులు ఆ గది గడప తొక్కలేదు.

మొదటి వారంలోనే నేనొక తెలివితక్కువ పని చేశాను. అది గంటల తరబడి కదలకుండా కూర్చుంటే, బతికే ఉందా అని అనుమానం వచ్చి, డబ్బా మూత తీసి 'ఫూ' అని ఊదాను. గిర్రున నా వైపు తిరిగింది. ముందు కాళ్ళు లేచాయి, ఒళ్ళు వెనక్కు వాలింది, నోటి చుట్టూ ఉన్న గులాబీ రంగు వెంట్రుకల మధ్య నుంచి రెండు నల్లటి కోరలు బయటికి వచ్చాయి. ఒక కోర కొసన ఆవగింజంత నీటి బొట్టు. నేను మూత వేసి కుర్చీలో కూలబడ్డాను. అది మాత్రం పది నిమిషాల పాటు అలాగే, ఎత్తిన కాళ్ళు దించకుండా నిలబడింది.

సాయంత్రం మనవడు వచ్చి వివరించాడు. దీనికి ఎనిమిది కళ్ళున్నా చూపు అంతంతమాత్రం. కాళ్ళ మీది సన్నని వెంట్రుకలే దానికి కళ్ళూ చెవులూ. నేలలో అదురు, గాలిలో కదలిక, వీటితోనే అది లోకాన్ని తెలుసుకుంటుంది. నా ఊదుడు దానికి ఏదో పెద్ద జంతువు మూతి దగ్గరికి తెచ్చినట్టు తోచి ఉంటుందని వాడన్నాడు. గదిలో పెట్టి కొడితే పిల్లి కూడా పులి అవుతుందని మనకో సామెత ఉంది. ఇదైతే పుట్టినప్పటి నుంచీ గదిలోనే ఉంది.

కాళ్ళెందుకు ఎత్తుతుందో ఫిట్టరుగా నాకు వెంటనే అర్థమైంది. మన ఇంటి గోడల మీద తిరిగే సాలీడు కోరలు పట్టకారులా పక్కల నుంచి దగ్గరికి వస్తాయి. టరాంటులా కోరలు అలా కాదు, గునపాల్లా పైనుంచి కిందికి దిగుతాయి. దిగాలంటే ముందు ఒళ్ళు పైకి లేవాలి. అంటే మీరు నమస్కారం అని రాసినది ఎత్తిన సుత్తి. కొడుతుందా అంటే, చాలాసార్లు కొట్టదు. 'దగ్గరికి రావద్దు' అని చెబుతుంది, మనం వింటే దించుతుంది.

రెండేళ్ళలో దాని వరస నాకు బాగా తెలిసింది. ముందు పక్కకు జరుగుతుంది, లేదా డబ్బాలో పెట్టిన పెంకు ముక్క కిందికి దూరుతుంది. అప్పటికీ వదలకపోతే మనకు వీపు చూపిస్తుంది. అది అలకో, భయమో అనుకోకూడదు. పొట్ట వెనుక భాగం మీద దురద పుట్టించే వెంట్రుకలు ఉంటాయి. వెనుక కాలితో గబగబా రుద్ది వాటిని గాలిలోకి వదులుతుంది. మా దాని పొట్ట మీద పావలా బిళ్ళంత బోడి మచ్చ ఉంది, అంతా అలా రుద్ది రాల్చినదే. ఆ తరువాతే కాళ్ళెత్తడం, ముందు కాళ్ళతో నేలను టపటపా కొట్టడం. కరవడం అన్నిటికన్నా చివర. ఇంతవరకు మమ్మల్ని కరవలేదు. ఒకసారి నీళ్ళ గిన్నె మారుస్తుంటే నా చేతిలోని పట్టకారును మాత్రం కరిచి పట్టుకుంది. ఆ 'టిక్' చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది.

ఆ వెంట్రుకలను చిన్నచూపు చూడవద్దు. డబ్బా శుభ్రం చేసిన రోజున మణికట్టు మీద మొదలైన దురద నాకు మూడు రోజులు పోలేదు. దురదగొండి కాయ తగిలినట్టే. మనవడు సెల్లోటేపు అంటించి లాగి కొన్నిటిని తీశాడు, గోకితే ఇంకా లోపలికి పోతాయట. కంట్లో పడితే మరీ కష్టం. 2009లో ఇంగ్లాండులోని లీడ్స్ ఆసుపత్రికి, మా ఇంట్లో ఉన్న జాతినే పెంచుకునే యువకుడు కన్ను ఎర్రబడి మూడు వారాలైనా తగ్గడం లేదని వచ్చాడు. కంటి పొరలో ఆ వెంట్రుకలే గుచ్చుకుని ఉన్నాయి. తొట్టి తుడుస్తుంటే సాలీడు వదిలినవి. లాన్సెట్ వైద్య పత్రిక ఈ సంగతి ప్రచురించింది. అప్పటి నుంచి డబ్బా మూత తీసేటప్పుడు నేను కళ్ళద్దాలు తీయను. మీ ఫోటోలో ఆ పాప ముఖం సాలీడుకు ఎంత దగ్గరగా ఉందో ఒక్కసారి మళ్ళీ చూడండి.

చేతి మీద పాకించుకోవడం గురించి కూడా చెప్పాలి. చేతి మీద మెల్లగా నడిస్తే మనిషిని గుర్తుపట్టిందనీ, మచ్చిక అయిందనీ మురిసిపోతారు. దానికి మన చెయ్యి కాస్త వెచ్చగా ఉన్న నేల, అంతే. సహిస్తుంది, ఒక్కోసారి సహించదు. ప్రమాదం మనకన్నా దానికే ఎక్కువ. సాలీడు కాలు ముడవడానికి కండరాలున్నాయి గాని, ముఖ్యమైన కీళ్ళ దగ్గర చాచడానికి లేవు. ఒంట్లోని ద్రవాన్ని ఒత్తిడితో కాళ్ళలోకి నెట్టి చాస్తుంది. ఈ మాట వినగానే నాకు రైలు బ్రేకు గుర్తుకొచ్చింది. బ్రేకు పైపులో 5 కిలోల ఒత్తిడి ఉన్నంతసేపే బ్రేకు విడిచి ఉంటుంది. పైపు తెగి ఒత్తిడి పోయిందా, దానంతట అదే పట్టేస్తుంది. సాలీడు కూడా అంతే. పల్చటి పొట్ట చిట్లి ద్రవం కారిపోతే కాళ్ళు ముడుచుకుపోతాయి. నడుము ఎత్తు నుంచి జారి పడినా అలా చిట్లవచ్చు. ఉలిక్కిపడి చెయ్యి విదిలించిన మనిషికి మాత్రం ఏమీ కాదు.

మా ఇంట్లో దాన్ని చేత్తో పట్టుకోము. డబ్బా మార్చాల్సి వస్తే ప్లాస్టిక్ గ్లాసు దాని ముందు అడ్డంగా పెట్టి, మెత్తటి కుంచెతో వెనుక కాలిని తాకుతాము. అది ముందుకు నడిచి గ్లాసులోకి వెళ్తుంది. ముందు నుంచి పొడిస్తే యుద్ధమే. తిండి కోసం కీచురాళ్ళను కొని తెస్తాము. చెన్నైలో బొద్దింకలకు కరువా అని నేనన్నాను గాని, మందు కొట్టిన బొద్దింకను తింటే ఇదీ పోతుందని మనవడు కోప్పడ్డాడు.

కిందటి వేసవిలో నెలన్నర పాటు తిండి ముట్టలేదు. ఒక రోజు పొద్దున్నే చూస్తే వెల్లకిలా పడి, కాళ్ళన్నీ పైకి. మా ఆవిడకు అప్పటికి దాని మీద ఎంత మమకారం పెరిగిందో ఆ రోజు తెలిసింది. "పాపం, ఏ తల్లి బిడ్డో, మొక్క కింద పాతిపెట్టండి" అని కళ్ళు తుడుచుకుంది. పాత పేపరులో చుట్టబోతుంటే మనవడు నిద్రలో నుంచి లేచి పరిగెత్తుకొచ్చాడు. అది చావడం కాదు, కుబుసం విడవడం. చనిపోయే సాలీడు కాళ్ళు కిందికి ముడుచుకుని బోర్లా ఉంటుంది, వెల్లకిలా పడుకుంటే ఒళ్ళు మార్చుకుంటున్నట్టు. మధ్యాహ్నానికి పాత చర్మంలో నుంచి ఒక్కొక్క కాలూ, చొక్కా చేతిలో నుంచి చెయ్యి తీసినట్టు, మెల్లగా లాక్కుంది. కొత్త కోరలు మొదట పాల తెలుపు, తరువాత ఎరుపు, రోజులు గడిచాక నలుపు. అవి గట్టిపడేవరకు డబ్బాలో పురుగు వేయకూడదు, కీచురాయే దాన్ని కొరికేస్తుంది. పాతిపెట్టి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే మా ఆవిడ ఇప్పటికీ దండం పెట్టుకుంటుంది.

ఇక పసుపు రంగు సంగతి. దురద వెంట్రుకలు అమెరికా ఖండాల టరాంటులాలకే ఉంటాయి. మన దేశపు వాటికి లేవు. వాటికి ఉన్నవి వేగం, కోరలే. టరాంటులా కరిచి మనిషి చనిపోయినట్టు రుజువైన సంఘటన లేదు గాని, మన చెట్టు తొర్రల్లో ఉండే జాతులు కరిస్తే ఒళ్ళంతా కండరాలు పట్టేసి రోజుల తరబడి బాధ పెడతాయి. మీ ఫోటోలోని సాలీడు ముందు కాళ్ళ అడుగున ఉన్న ఆ పసుపు ఈ చెట్టు జాతుల గుర్తు అని మనవడు పుస్తకం తీసి చూపించాడు. అందులో ఒకదాన్ని 1899లో పోకాక్ అనే ఆంగ్లేయ శాస్త్రవేత్త అరక్కోణం నుంచి వచ్చిన సాలీడును చూసి వర్ణించాడు. పెరంబూరు నుంచి అరక్కోణానికి లోకల్ రైలులో పోవచ్చు.

అదే ఏడాది ఆయనే ఇంకొకదాన్ని వర్ణించాడు, నీలమణి లాంటి రంగు. అది దొరికింది మా గుత్తి రైల్వే కలప యార్డులో! అన్నేళ్ళు ఆ ఊళ్ళో పనిచేసి, ఆ పట్టాల మీద నడిచి, ఈ మాట నేను డెబ్బై ఏళ్ళకు మనవడి నోట విన్నాను. తరువాత వందేళ్ళ పాటు దాని జాడ లేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్ళీ కనబడింది. కలప దుంగల్లో గుత్తికి వచ్చి ఉంటుందని అంటారు. ఇప్పుడది అంతరించే ముప్పు తీవ్రంగా ఉన్న జాతుల జాబితాలో ఉంది. విదేశాల్లో పెంచుకునేవారు మా ఊరి పేరుతోనే దాన్ని పిలుస్తారట. గుత్తిలో ఎవరిని అడిగినా కోట చూపిస్తారు, దీని పేరు ఎత్తరు.

ఈ చెట్టు జాతులన్నిటినీ 2019లో వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందమైన సైటిస్ రెండో జాబితాలో చేర్చారు. ఆ జాబితాల్లోని విదేశీ జాతులను పెంచేవారు నమోదు చేసుకోవాలని మన దేశంలో 2024లో నిబంధనలూ వచ్చాయి. ఫోటోలోని సాలీడు ఏ దారిన ఆ ఇంటికి చేరిందో ఆ ఇంటివారు కాస్త కనుక్కుంటే మంచిది.

నా కోరిక ఒక్కటే. వచ్చే ఆదివారం అదే పేజీలో, అదే సైజులో, అది నమస్కారం కాదని వేయండి. మూలన చిన్న అక్షరాల సవరణ సరిపోదు. ఆ ఫోటో చూసిన పిల్లలు సవరణలు చదవరు.

ఇట్లు,
విశ్రాంత రైల్వే ఉద్యోగి,
పెరంబూరు, చెన్నై

(పేరు, ఇంటి నంబరు ప్రచురించవద్దని మనవి. మా మూడో అంతస్తు వారికి ఈ సంగతి ఇంకా తెలియదు.)