బల్బు చెప్పిన జవాబుకూ మార్కులు వేయించండి

విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. బడి భౌతికశాస్త్రంలో ఏళ్ల తరబడి తిరుగుతున్న లెక్క ఒకటుంది. 60 వాట్లు, 230 వోల్టులు అని రాసి ఉన్న ఫిలమెంటు బల్బును 115 వోల్టులకు కలిపితే ఎంత సామర్థ్యం తీసుకుంటుంది? జవాబు 15 వాట్లట. వోల్టేజీ సగమైంది కాబట్టి సామర్థ్యం నాలుగో వంతు. పిల్లలు అలాగే రాస్తారు, పూర్తి మార్కులు పడతాయి.

ఒక్కసారి మీటర్లు పెట్టి కొలిపించండి. 15 రాదు, 20కి దగ్గరగా వస్తుంది.

కారణం దాచిపెట్టినదేమీ కాదు. 60ని 230తో భాగిస్తే కరెంటు దాదాపు 0.26 ఆంపియర్లు. వోల్టేజీని ఆ కరెంటుతో భాగిస్తే నిరోధం, అంటే కరెంటుకు తీగ ఇచ్చే అడ్డు, 880 ఓములకు కాస్త ఎక్కువ. కానీ అది బల్బులోని తీగ తెల్లగా కాలుతూ, రెండు వేల డిగ్రీల పైన ఉన్నప్పటి సంగతి. అదే బల్బును ఆర్పి, చల్లారాక కొలిస్తే వంద ఓములు కూడా చూపదు. స్విచ్ వేసిన క్షణంలో కరెంటు పదింతలకు పైగా దూకేది అందుకే. పాతబడిన బల్బులు చాలాసార్లు స్విచ్ వేయగానే మాడిపోయేదీ అందుకే. 115 వోల్టుల దగ్గర తీగ అంత వేడెక్కదు, నిరోధం తగ్గుతుంది, కరెంటు సగానికి మించి పారుతుంది. పుస్తకం మాత్రం పాత 880నే పట్టుకుని వోల్టేజీ వర్గాన్ని దానితో భాగిస్తుంది.

విచిత్రమేమిటంటే, వోల్టేజీ ఎన్ని రెట్లయితే కరెంటూ అన్ని రెట్లవుతుందనే ఓమ్ నియమం చెప్పేటప్పుడు "ఉష్ణోగ్రత స్థిరంగా ఉంటే" అని అదే పుస్తకం రాస్తుంది. అభ్యాసాల దగ్గరికి వచ్చేసరికి ఆ షరతు ఎటు పోయిందో తెలియదు.

సూత్రాల్లో తప్పు లేదు. ఏ క్షణంలోనైనా వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే ఆ క్షణపు నిరోధం, బ్యాటరీ వలయంలో రెండింటినీ గుణిస్తే ఆ క్షణపు వాట్లు. ఒకచోట కొలిచిన నిరోధాన్ని మరో వోల్టేజీకి అరువు తెచ్చుకోవడంతోనే చిక్కంతా.

ఆ నియమం ఇచ్చిన గియోర్గ్ ఓమ్ బడిలో పాఠాలు చెప్పుకునే ఉపాధ్యాయుడు. మామూలు బ్యాటరీల వోల్టేజీ నిలకడగా ఉండడం లేదని, 1826లో బిస్మత్, రాగి లోహాలను కలిపిన రెండు అతుకుల్లో ఒకదాన్ని మరిగే నీటిలో, రెండోదాన్ని మంచులో ఉంచి, ఆ వేడి తేడాతో నిలకడైన కరెంటు పుట్టించాడు. ఆ జాగ్రత్తతో కొలిచాకే నియమం రాశాడు. మన పిల్లలు నియమం బట్టీ పట్టాక కూడా కొలవడం లేదు.

అడిగేది పెద్ద ఖర్చు కాదు. 6 వోల్టుల చిన్న ఫిలమెంటు బల్బు, నాలుగు సెల్లులు, ఒక అమ్మీటరు, ఒక వోల్టుమీటరు. సెల్లులు ఒక్కొక్కటే కలుపుతూ నిరోధం ఎలా పెరుగుతుందో పట్టిక వేయించండి. పక్కనే హీటర్లలో వాడే నైక్రోమ్ తీగతోనూ అదే చేయిస్తే, అక్కడ నిరోధం దాదాపు కదలదని వాళ్లే చూస్తారు. పాత లెక్కను ఉంచాలనుకుంటే బల్బు తీసేసి హీటరు పెట్టండి, లేదా "నిరోధం మారదని అనుకోండి" అని ఒక్క వాక్యం చేర్చండి. అంతవరకు, "15 కాదు, అంతకంటే ఎక్కువ" అని కారణంతో సహా రాసిన విద్యార్థికి మార్కులు తీయవద్దని మూల్యాంకనం చేసేవారికి ఉత్తర్వు ఇప్పించండి.

ఇట్లు,
ఒక భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు