ఎలుకల మీద చేసే ప్రయోగాలకూ ఒక రిజిస్ట్రీ కావాలి

కేంద్ర పశుసంవర్ధక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను ఫార్మసీ కాలేజీలో ఫార్మకాలజీ, అంటే మందులు ఒంట్లో ఎలా పనిచేస్తాయనే పాఠం, చెబుతాను. జంతు ప్రయోగాలను నియంత్రించే కమిటీ మీ శాఖ కిందే ఉంది కాబట్టి మీకే రాస్తున్నాను.

బాలింతకు వావిలాకు వేసి కాచిన నీళ్లతో స్నానం చేయించడం మన ఇళ్లలో పాత అలవాటే. ఆ ఆకు నిజంగా వాపు తగ్గిస్తుందా అని తేల్చాలంటే ల్యాబ్‌లో ఎలుక మీద చూస్తాం. 1962 నుంచి వాడుకలో ఉన్న పద్ధతి ఇది. ఎలుక వెనక కాలి పాదంలోకి వాపు తెప్పించే కారాజీనన్ అనే పదార్థం ఒక శాతం ద్రావణం 0.1 మిల్లీలీటరు ఎక్కిస్తాం. మూడు నుంచి ఐదు గంటల్లో వాపు బాగా పెరుగుతుంది. ఆ కాలిని అది సరిగా నేల మీద ఆనించలేదు. అదే కాలిని గంటగంటకీ పట్టుకుని వాపు కొలిచే పరికరం ప్లెథిస్మోమీటర్‌లో ముంచి కొలుస్తాం. గ్రూపుకు ఆరు చొప్పున, మందు లేని గ్రూపు, వాపు తగ్గించే మందు డైక్లోఫెనాక్ ఇచ్చే గ్రూపు, మూడు మోతాదుల్లో ఆకు సారం (ఎక్స్‌ట్రాక్ట్) ఇచ్చే మూడు గ్రూపులు కలిపితే 30 ఎలుకలు. చివరికి చాలాసార్లు వాటిని చంపేస్తారు.

ప్రయోగాలు వద్దని నేను అనడం లేదు. కానీ వావిలి, తిప్పతీగ, నల్లేరు మీద ఇదే పరీక్ష మళ్లీ మళ్లీ జరుగుతోంది. ఆకు ఎప్పుడు కోశారు, సారం నీళ్లలో తీశారా ఆల్కహాల్‌లోనా, అందులో పనిచేసే అసలు పదార్థం ఎంత ఉంది అన్నవి చాలా థీసిస్‌లలో సరిగా ఉండవు. ఫలితం రాకపోతే ఆ కాగితాలు బీరువాలోనే ఉండిపోతాయి. తర్వాత వచ్చే విద్యార్థికి ఆ సంగతి తెలియదు, మళ్లీ 30 ఎలుకలు. పైగా కిలోకు 400 మిల్లీగ్రాముల దగ్గర పనిచేసిందని రాసేస్తారు. ఎలుక మోతాదును నేరుగా బరువుతో హెచ్చవేయకుండా, ఒంటి ఉపరితల వైశాల్యాన్ని బట్టి 60 కిలోల మనిషికి లెక్కగడితే అది సుమారు నాలుగు గ్రాముల ఎక్స్‌ట్రాక్ట్!

మనుషుల మీద జరిగే క్లినికల్ ట్రయల్స్‌ను 2009 జూన్ 15 నుంచి సీటీఆర్‌ఐ (క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ - ఇండియా) అనే బహిరంగ రిజిస్ట్రీలో ముందే నమోదు చేయడం తప్పనిసరి. జర్మనీలో జంతు ప్రయోగాలకు కూడా 2019 నుంచి రిజిస్ట్రీ నడుస్తోంది, అది స్వచ్ఛందమే అయినా. మన దగ్గర దాన్ని తప్పనిసరి చేయండి. మొక్క, భాగం, ద్రావకం, మోతాదు, ఎలుకల సంఖ్య అందరికీ కనిపించేలా నమోదయ్యాకే కాలేజీ ఎథిక్స్ కమిటీ అనుమతి ఇవ్వాలి. ఫలితం ఏదైనా ఏడాదిలోపు అందులో పెట్టాలి. కణాల మీద ముందు పరీక్షించారా అని కూడా అడగాలి.

కాలేజీలు ఇది భారం అంటాయి. ఇందులో చాలా వివరాలు అనుమతి కోసం ఫారం-బి లో ఇప్పటికే రాస్తున్నాం. వాటిని ఫైల్లోంచి తీసి పోర్టల్‌లో పెట్టించడం మీ ఒక్క ఉత్తర్వుతో అయ్యే పని. వచ్చే విద్యా సంవత్సరం ఎం.ఫార్మసీ ప్రాజెక్టులు మొదలయ్యేలోపు ఆ ఉత్తర్వు ఇవ్వండి.

ఇట్లు,
ఒక ఫార్మకాలజీ అధ్యాపకురాలు