జైసల్మేర్‌కు ఒక్క రాత్రి చాలదు: పర్యాటక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర పర్యాటక, సాంస్కృతిక శాఖల మంత్రి గారికి,

నల్లగొండ నుంచి ఒక విశ్రాంత చరిత్రోపాధ్యాయుడు నమస్కారములతో చేసుకుంటున్న విన్నపం.

మన రాష్ట్ర పర్యాటకాభివృద్ధి సంస్థ నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లా కేంద్రాల నుంచి జైసల్మేర్‌కు ఒక యాత్ర నడపాలని, అందులో ఆ ఊరికే మూడు నిండు రోజులు కేటాయించాలని కోరుతున్నాను. పోయిన చలికాలంలో ఒక ప్రైవేటు ట్రావెల్స్‌కు డబ్బు కట్టి రాజస్థాన్ వెళ్లాం. పాకిస్థాన్ సరిహద్దు జిల్లాలోని ఈ ఎడారి పట్టణానికి వాళ్లు ఇచ్చింది ఒక్క రాత్రి. బస్సు మధ్యాహ్నం దాటాక చేరింది. కోట ముందర ఫొటోలు దిగడానికి గంట ఇచ్చి, పొద్దుగూకేలోపు సమ్ ఇసుక తిన్నెల దగ్గరకు తోలి, గుడారాల మధ్య డీజే పెట్టి, తెల్లారేసరికి జోధ్‌పూర్ దారి పట్టారు. నేనూ నా భార్యా సంచులు దించుకుని అక్కడే ఉండిపోయాం గనుక ఈ లేఖ రాయగలుగుతున్నాను.

మొదటి రోజంతా కోటకూ దాని కింది ఊరికీ పోవాలి. భాటీ రాజు రావల్ జైసల్ 1156లో త్రికూట గుట్ట మీద కట్టించిన ఈ పసుపు రాతి కోట 2013లో రాజస్థాన్‌లోని మరి కొన్ని గిరిదుర్గాలతో కలిసి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. మన గద్వాల కోటలో కాలేజీ నడుస్తున్నట్టు అక్కడి కోటలో ఏకంగా ఊరే నడుస్తుంది; నాలుగు ద్వారాలు దాటి లోపలికి పోతే ఇళ్లు, కిరాణా కొట్లు, జైన దేవాలయాలు, గల్లీలో అడ్డంగా నిలబడ్డ ఆవులు కనబడతాయి. అయితే మన యాత్రికులకు కోట లోపలి హోటళ్లలో బస ఏర్పాటు చేయవద్దని ప్రత్యేకంగా మనవి చేస్తున్నాను. బిందె నీళ్లతో బతికిన కాలం నాటి కోట అది. నల్లాలు, బాత్‌రూములు పెరిగాక ఆ వాడుక నీళ్లు గుట్ట పొరల్లోకి ఇంకి పునాదులను మెత్తబరిచాయి, కొన్ని బురుజులు, గోడలు కూలాయి కూడా. కింద ఊళ్లో పడుకుంటే మనకు పోయేదేమీ లేదు, పైగా పొద్దున లేవగానే కోట మొత్తం కళ్ల ముందుంటుంది.

కింది ఊళ్లో హవేలీలు, అంటే పాతకాలపు ధనికుల చెక్కడాల మేడలు చూడాలి. పట్వా వర్తకుల ఐదు హవేలీల వరుసకు ఎలాగూ అందరూ పోతారు. నా మట్టుకు నాకు దివాన్ నథ్‌మల్ హవేలీ దగ్గరే కాళ్లు ఆగిపోయాయి. గుమ్మానికి అటొకటి ఇటొకటి రాతి ఏనుగులుంటాయి. ముందుభాగాన్ని హాథీ, లాలూ అనే అన్నదమ్ములు చెరో పక్క చెక్కారని చెబుతారు. దూరం నుంచి రెండు పక్కలూ ఒకే తీరుగా ఉంటాయి. దగ్గరికి పోయి ఒక్కో కిటికీని పోల్చుకుంటూ పోతే ఇటున్న లత అటు లేదు, అటున్న పువ్వు ఇటు లేదు. పిల్లలను అక్కడ నిలబెట్టి తేడాలు వెతకమంటే గంటసేపు కదలరు.

సాయంత్రం గడీసర్ చెరువు గట్టు మీద గడపాలి. ఏడాదికి 200 మిల్లీమీటర్లకు అటూ ఇటుగా వాన కురిసే చోట, 14వ శతాబ్దపు ఈ చెరువే నల్లా నీళ్లు వచ్చేదాకా ఊరి దాహం తీర్చింది. పానగల్లు ఉదయసముద్రం గట్టు మీద తిరిగిన నల్లగొండ వాళ్లకు, ఒక్కో వాన చినుకునూ అక్కడి వాళ్లు ఎలా మళ్లించుకున్నారో చూడాలన్న ఆసక్తి తప్పక ఉంటుంది.

రెండో రోజు సరిహద్దు వైపు పోవాలి. ప్రైవేటు బస్సులు వదిలేసే దారి ఇదే, నా దృష్టిలో యాత్రకు ప్రాణం కూడా ఇదే. తనోట్ మాత గుడి ఊరికి సుమారు 120 కిలోమీటర్లు. 1965 యుద్ధంలో ఆ ఆవరణలో పడి పేలని ఫిరంగి గుండ్లను అద్దాల పెట్టెల్లో ఉంచారు. గుడి నిర్వహణ సరిహద్దు భద్రతా దళానిది, హారతి పట్టేది కూడా జవాన్లే. అక్కడికి దగ్గర్లోనే లోంగేవాలా. 1971 డిసెంబరు 4 రాత్రి మేజర్ కుల్‌దీప్ సింగ్ చాంద్‌పురీ నాయకత్వంలో సుమారు 120 మంది, ట్యాంకులతో దూసుకొచ్చిన పాకిస్థాన్ దళాన్ని తెల్లారేదాకా నిలువరించారు. పొద్దు పొడవగానే జైసల్మేర్ నుంచి లేచిన హంటర్ విమానాలు మిగతా పని చూశాయి. ఆ రాత్రంతా విమానాలు ఎందుకు రాలేదని మా బడి పిల్లలు అడిగేవారు. చీకట్లో దాడి చేసే ఏర్పాట్లు ఆ విమానాలకు లేవన్న సంగతి, చుట్టూ ఒక్క దీపం కనబడని ఆ మైదానంలో నిలబడితే పాఠం చెప్పకుండానే అర్థమవుతుంది.

మూడో రోజు బడా బాగ్ సమాధి మంటపాలు, లోద్రవా జైన దేవాలయం, అకల్ వద్ద రాయిగా మారిన కోట్ల ఏళ్ల నాటి చెట్ల మొద్దులు ఒక పూటలో అయిపోతాయి. పాలీవాల్ బ్రాహ్మణులు విడిచిపోయిన కుల్‌ధరా గ్రామంలో గైడ్లు దయ్యాల కథలు చెబుతారు. శ్రీశైలం జలాశయంలో ఊళ్లు మునిగిన పాలమూరు వాళ్లకు ఖాళీ అయిన ఊరిని చూపడానికి దయ్యాలతో పని లేదు. ఇసుక తిన్నెలకు సమ్ బదులు ఖూరీ మేలు, అక్కడ సద్దు తక్కువ. వీలుంటే ఒక ఉదయం ఎడారి జాతీయ ఉద్యానంలో బట్టమేక పిట్ట కోసం వెతకవచ్చు. కర్నూలు అవతల రోళ్లపాడులో దీని కోసమే అభయారణ్యం పెట్టుకుని కూడా దాదాపు పోగొట్టుకున్నాం.

రాత్రి డీజే బదులు మాంగణియార్ కళాకారులను పిలిపించండి. వీరు ముస్లింలు, తరతరాలుగా రాజపుత్ర యజమానుల ఇళ్లలో పుట్టుకకూ పెళ్లికీ పాడేవారు. తోలు బిగించిన గుండ్రటి కమాయ్‌చా అనే తంత్రీ వాద్యాన్ని కమానుతో వాయిస్తుంటే నాకు దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర గుర్తుకొచ్చింది. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చాక గాని మనలో చాలామందికి కిన్నెర గుర్తు రాలేదు. కళాకారుల పారితోషికాన్ని గుడారాల యజమాని ద్వారా కాకుండా నేరుగా వాళ్ల చేతికే అందేలా చూడాలి.

భోజనంలో పనీరు కూరలకు బదులు సజ్జ రొట్టె, అక్కడి కేర్ సాంగ్రీ కూర పెట్టించాలి. సాంగ్రీ అంటే జమ్మికాయలే. జమ్మి వాళ్లకూ రాష్ట్ర వృక్షమే, మనకూ రాష్ట్ర వృక్షమే. దసరా నాడు మనం ఆకు పంచుకుంటాం, వాళ్లు కాయను ఎండబెట్టి ఏడాదంతా వండుకుంటారు. మా ఇంటావిడ కిలో కొనుక్కొచ్చి, నానబెట్టి, నువ్వుల పొడి చల్లి వండుతోంది.

యాత్రను నవంబరు నుంచి ఫిబ్రవరి లోపే నడపాలి. మాఘ పౌర్ణమికి జరిగే మరు మహోత్సవంలో తలపాగా చుట్టే పోటీలు, ఒంటెల ఆటలు ఉంటాయి గనుక ఒక బస్సును ఆ తేదీలకు కలపవచ్చు. బడి పిల్లలున్న కుటుంబాల కోసం ఇంకొకటి సంక్రాంతి సెలవుల్లో వేయాలి. ఎడారి రాత్రుల చలికి పెద్దవాళ్లు స్వెట్టర్లు, కంబళ్లు తెచ్చుకోవాలని టికెట్టు మీదే అచ్చు వేయించండి. తనోట్ దాటి సరిహద్దు దాకా పోవడానికి అనుమతి ముందే తీసుకోవాలి కాబట్టి, యాత్రికుల గుర్తింపు కార్డుల నకళ్లు బుకింగ్ రోజునే తీసుకుని ఆ దరఖాస్తు బాధ్యత సంస్థే వహించేలా ఆదేశించవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత చరిత్రోపాధ్యాయుడు,
నల్లగొండ.