చిన్నవాడిది ‘చీటింగ్’, పెద్దవాడిది ‘అవకతవకలు’

సంపాదకులు గారికి,

గత వారం మీ జిల్లా పేజీలో ‘చీటింగ్ చేసిన వ్యాపారి’ అంటూ నాలుగు కాలాల శీర్షికతో, ఫొటోతో సహా ఒక వార్త వేశారు. చదివితే అందులో ఉన్నదల్లా, అతను అరువు మీద సరుకు తీసుకుని సగం సొమ్ము చెల్లించాడనీ, వ్యాపారం దెబ్బతిన్నాక మిగిలినది ఇవ్వలేకపోయాడనీ మాత్రమే. అదే పేజీ అడుగున, చేయని పనులకు బిల్లులు పెట్టుకున్న అధికారుల విషయంలో మీవారికి దొరికిన మాట ‘అవకతవకలు’.

చీటింగ్ అనేది కోపం వచ్చినప్పుడు విసిరే తిట్టు కాదు, చట్టం నిర్వచించిన నేరం. 1860 నాటి శిక్షాస్మృతిలో అది 415వ సెక్షన్. ఊళ్లో అందరి నోటా నానే 420 దానికి శిక్ష చెప్పే సెక్షన్లలో ఒకటి. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో అదే 318 అయింది. నంబరు మారినా, సొమ్ము వ్యవహారాల్లో దాని ఆయువుపట్టు మారలేదు: ఎదుటివాణ్ణి మాయమాటలతో నమ్మించి సొమ్ము రాబట్టాలన్న దురుద్దేశం మొదటి నుంచే ఉండాలి. ఇచ్చిన మాట తరువాత నిలుపుకోలేకపోయినంత మాత్రాన అది చీటింగ్ కాదని సుప్రీంకోర్టు పదే పదే చెబుతూనే ఉంది. నమ్మి అప్పగించిన సొమ్మును ఆ తరువాత కాజేస్తే అది నేరపూరిత నమ్మకద్రోహం, దానికి 316వ సెక్షన్ వేరే ఉంది. ఒకే ఘటనకు ఈ రెండు నేరాలూ కలిసి పొసగవని 2024 ఆగస్టులో ఢిల్లీ రేస్ క్లబ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెబుతూ, ఇన్నేళ్లయినా కోర్టులకే ఈ తేడా బోధపడలేదని విచారపడింది. కోర్టుల సంగతే అలా ఉంటే, స్టేషన్ నుంచి వచ్చిన ప్రెస్ నోటును మక్కీకి మక్కీ దించే విలేకరిని ఏమనగలం?

సివిల్ కోర్టుకు వెళితే ఏళ్లు పడుతుందని, బాకీ వసూలుకు పోలీసు స్టేషన్‌ను ఆశ్రయించేవారికి మీ శీర్షిక ఉచితంగా అందే లాఠీ. పైగా కేసు కొట్టివేసిన రోజున మీకు ఒక్క పేరా చోటు కూడా దొరకదు.

ఇక పెద్దల విషయానికొస్తే మీ భాష ఎంత మెత్తనిదో! గుమాస్తా తింటే ‘చేతివాటం’, అధికారి తింటే ‘అవకతవకలు’, ఇంకా పైవారైతే ‘నిధులు పక్కదారి’ పడతాయి, వాటికేదో కాళ్లున్నట్టు. ప్రభుత్వోద్యోగి తనకు అప్పగించిన సొమ్మును కాజేస్తే అదే 316వ సెక్షన్ యావజ్జీవం దాకా శిక్ష విధించవచ్చంటోంది. ఆడిట్ అభ్యంతరాలకు అధికారులు ఇచ్చే సంజాయిషీల్లోని పదాలను మీరు శీర్షికలకు ఎక్కించడం వల్లే, దొంగ బిల్లు కూడా చదివేవారికి కాగితాల గందరగోళంలా కనిపిస్తోంది.

కేసు నమోదైన దశలో ‘చీటింగ్ ఆరోపణ’ అని రాయించండి. ఏ సెక్షన్ కింద నమోదైందో వార్తలోనే ఇవ్వండి. అధికారులపై వచ్చే కేసులకూ అదే పద్ధతి పాటించమని మీ డెస్కుకు చెప్పండి.

ఇట్లు,
మీ పత్రిక పాత చందాదారు