జాన్ క్విన్సీ ఆడమ్స్ మీద వ్యాసం రాస్తున్న అమ్మాయికి

చి. అమ్మలుకు, ఆశీస్సులు.

నీ చిత్తుప్రతి చదివాను. మూడొంతులు 1825–29 మీదే నడిపావు. అమెరికా అధ్యక్షుడిగా ఉన్న ఆ నాలుగేళ్లే ఆయన జీవితంలో బాగా బలహీనమైన భాగం. కొంత కత్తిరించు.

1824 ఎన్నికను మాత్రం ఉంచి, లెక్క సరిచెయ్యి. "జాక్సన్ గెలిచినా పదవి ఆడమ్స్‌కి కట్టబెట్టారు" అన్నావు. జాక్సన్ ముందున్నాడు గానీ గెలవలేదు. అధ్యక్షుణ్ణి ఎన్నుకునేందుకు రాష్ట్రాల తరఫున పడే ఎలక్టోరల్ ఓట్లు మొత్తం 261, గెలవడానికి కావలసినవి 131. జాక్సన్‌కి 99, ఆడమ్స్‌కి 84, క్రాఫర్డ్‌కి 41, క్లేకి 37 వచ్చాయి. ఎవరికీ సగం దాటకపోతే, రాజ్యాంగం 12వ సవరణ ప్రకారం మొదటి ముగ్గురి పేర్లు ప్రతినిధుల సభకు వెళ్తాయి. నాలుగోవాడైన క్లే బరిలోంచి తప్పుకున్నాడు, కానీ ఆ సభకు స్పీకర్ ఆయనే. అక్కడ మనిషికో ఓటు కాదు, రాష్ట్రానికో ఓటు. 24లో 13 రావాలి. 1825 ఫిబ్రవరి 9న ఆడమ్స్‌కి సరిగ్గా 13, జాక్సన్‌కి 7, క్రాఫర్డ్‌కి 4 వచ్చాయి. ఇంతవరకూ రాజ్యాంగబద్ధమే. సభలో తనకు మద్దతిచ్చిన క్లేని ఆడమ్స్ విదేశాంగ మంత్రిని చేయడంతో వ్యవహారం చెడింది. మాడిసన్, మన్రో, ఆడమ్స్ ముగ్గురూ అధ్యక్షులయ్యే ముందు ఆ పదవి చేసినవాళ్లే మరి! లోపాయికారీ ఒప్పందమని రుజువు ఎవరూ చూపలేకపోయినా మచ్చ పోలేదు. 1828లో జాక్సన్ ఆయన్ని 178–83 ఓట్లతో ఓడించాడు.

ఇంకో తప్పు ఫ్లోరిడా దగ్గర. 1819 ఒప్పందంలో అమెరికా దాన్ని 50 లక్షల డాలర్లకు కొన్నదని రాశావు. స్పెయిన్‌కి ఆ డబ్బు ముట్టలేదు. స్పెయిన్ మీద అమెరికా పౌరులకు ఉన్న నష్టపరిహారపు దావాలను, ఆ మొత్తం మించకుండా, అమెరికాయే తీరుస్తానని ఒప్పుకుంది. పైగా ఆ ఒప్పందంలో ఫ్లోరిడా కన్నా గొప్పది సరిహద్దు: 42వ అక్షాంశం వెంట పసిఫిక్ దాకా గీత గీయించాడు. విదేశాంగ మంత్రిగా ఆడమ్స్ పనితనం అక్కడ చూడాలి.

మిగిలిన జాగా అంతా 1831 తర్వాతి కాలానికి ఇవ్వు. మాజీ అధ్యక్షుడు మామూలు ప్రతినిధిగా సభలో కూర్చున్నాడు. బానిసత్వం రద్దు చేయమనే అర్జీలు వెల్లువెత్తుతుంటే, 1836లో సభ ఒక నిబంధన పెట్టింది: అలాంటి అర్జీని చర్చించకూడదు, అచ్చు వేయకూడదు, కమిటీకి పంపకూడదు, పక్కన పడేయాలి. ఆడమ్స్ వాదన బానిసత్వం మీద కాదు, అర్జీ పెట్టుకునే హక్కు మీద. ఈ తేడా నీ వ్యాసంలో లేదు. అదే ఆయన ఎత్తుగడ: బానిసత్వం ఊసెత్తడానికి భయపడే ఉత్తరాది సభ్యుడు కూడా ఆ హక్కును కాదనలేడు.

1837లో, బానిసలు పంపినట్టున్న అర్జీ నిబంధన కిందికి వస్తుందా అని స్పీకర్ పోక్‌ని అడిగాడు. దక్షిణాదివాళ్లు అభిశంసించాలని గోల చేశారు. అంతా అరిచాక, ఆ అర్జీ బానిసత్వం రద్దు వద్దని కోరుతోందని తాపీగా చెప్పాడు! 1842లో మళ్లీ అభిశంసనకు దిగితే, ఆత్మరక్షణ కోసం మాట్లాడే హక్కు వాడుకుని, నిషేధించిన విషయమే రోజుల తరబడి దంచాడు. విసిగిపోయి తీర్మానాన్ని వాళ్లే పక్కన పెట్టారు. 1844 డిసెంబరు 3న నిబంధన పోయింది. నడుమ 1841లో బానిసలుగా తీసుకెళ్తుంటే అమిస్టాడ్ ఓడలో తిరగబడిన ఆఫ్రికన్ల తరఫున సుప్రీంకోర్టులో వాదించి గెలిచాడు. ఆ కేసులో కింది కోర్టు నుంచీ పనిచేసిన లాయర్ బాల్డ్విన్ పేరు మర్చిపోకు.

డైరీలోంచి ఎత్తిన మాటలు ఒకసారి సరిచూసుకో. కొడుకు చార్లెస్ ఫ్రాన్సిస్ అచ్చు వేసిన 12 సంపుటాల్లో ఇంటి విషయాలు చాలా తీసేశాడు. భార్య లూయిసా గురించి రాయాలంటే అవి చాలవు. మసాచుసెట్స్ హిస్టారికల్ సొసైటీ చేతిరాత పేజీలను ఆన్‌లైన్‌లో పెట్టింది, తేదీ పట్టుకుని వెతుక్కోవచ్చు. సరిచేసిన ప్రతి పంపితే చూస్తాను.

నాన్న