వృద్ధాశ్రమంలో రాత్రిపూట బాధ్యులెవరు?

సంపాదకులు గారికి,

మా శ్రీకాకుళం జిల్లాలో వృద్ధుల సంక్షేమం గురించిన మాట పింఛనుతో మొదలై పింఛను దగ్గరే ఆగిపోతోంది. 2024 జూలై నుంచి 4,000 రూపాయలకు పెరిగిన ఆ సొమ్ము నెల మొదట్లోనే ఇంటికొచ్చి అందుతున్నందుకు సంతోషమే. అయితే కొడుకులు హైదరాబాదుకో, చెన్నైకో, చేపలవేటకు గుజరాత్‌లోని వెరావల్‌కో వలసపోగా ఊళ్లలో మిగిలిన ముసలివారికి డబ్బుతో పాటు పూచీపడే మనిషి కూడా కావాలి. ఆ మనిషి వృద్ధాశ్రమాల్లోనూ కనిపించకపోవడమే నా చేత ఈ లేఖ రాయిస్తోంది.

నాతో కలిసి పనిచేసి పదవీ విరమణ పొందిన ఉపాధ్యాయుడొకరు భార్య పోయాక ఒక ఆశ్రమంలో చేరారు. గత చలికాలంలో ఒక రాత్రి ఆయన స్నానాలగది గడప దగ్గర జారిపడ్డారు. కాపలాదారు 108కి ఫోన్ చేయవచ్చునో లేదోనని మేనేజరును అడగబోతే ఆయన ఫోన్ ఎత్తలేదు. తెల్లవారి వంటకొచ్చిన ఆవిడ ఆటో పిలిపించేదాకా, తుంటి ఎముక విరిగిన ఆ పెద్దమనిషి నేలమీద పరచిన దుప్పటిపైనే ఉన్నారు. నాకు ఆ కాపలాదారు మీద కోపం రాలేదు. ఎవరినీ అడగకుండా తానే తీసుకోదగిన నిర్ణయాలేవో అతనికి చెప్పినవారు లేరు. దాతల పేర్లు మాత్రం పాలరాతి మీద చక్కగా చెక్కించారు.

ఆశ్రమం నడపడమంటే వేళకు అన్నం పెట్టడమే అనుకుంటున్నాం. మంచం పట్టినవారిని తరచూ పక్కకు తిప్పకపోతే ఒంటికి పుండ్లు పడతాయనీ, మతిమరుపు జబ్బున్నవారు పొద్దుగూకే వేళ ఎక్కువ కలవరపడతారనీ, బీపీ మాత్రలు, నిద్రమాత్రలు వేసుకునేవారు రాత్రి మంచం దిగగానే తూలిపోవచ్చుననీ తెలిసి, దానికి తగ్గట్టు ఆయాలకు పని పంచి, పొరపాటు జరిగినప్పుడు తిట్టి ఊరుకోకుండా కారణం వెతికే నిర్వాహకులు కావాలి. హెడ్మాస్టరు లేని బడి ఎలా నడుస్తుందో చూసినవాణ్ని కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

జిల్లా స్థాయిలోనూ ఇదే లోటు: అన్నిటికీ కలిపి పూచీపడేవారు ఒకరంటూ లేరు. జిల్లాకు కనీసం ఒకటి చొప్పున, 150 మంది నిరుపేద వృద్ధులకు చోటుండే ఆశ్రమాలను ప్రభుత్వాలు దశలవారీగా నెలకొల్పవచ్చునని తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమాల కోసం వచ్చిన 2007 నాటి చట్టం చెప్పింది. పిల్లలు పోషించకపోతే ఆర్డీఓ ట్రైబ్యునల్‌కు వెళ్లాలి. వైద్యం మరో శాఖది, పింఛను ఇంకో శాఖది. వయోవృద్ధుల సంక్షేమం చూసే సహాయ సంచాలకులపైనే విభిన్న ప్రతిభావంతుల, హిజ్రాల బాధ్యత కూడా ఉంది. వృద్ధుల సహాయవాణి 14567 ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకే పలుకుతుంది. మా మిత్రుడు పడిపోయింది ఆ తర్వాతే.

కలెక్టరు గారు ఈ శాఖలన్నిటినీ నెలకొకసారి ఒకచోట కూర్చోబెట్టి, జవాబుదారీగా ఒక అధికారిని నిర్ణయించాలి. ఆశ్రమాల నిర్వాహకులకు శ్రీకాకుళం సర్వజన ఆసుపత్రిలో కొద్దిరోజుల శిక్షణ ఇప్పించవచ్చు. అంతకంటే ముందు, ప్రతి ఆశ్రమం గేటు మీద ఆ రాత్రికి బాధ్యులెవరో వారి పేరు, ఫోన్ నంబరు రాయించాలి. దీనికి నిధులు అక్కర్లేదు, ఒక ఉత్తర్వు చాలు.

– విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, టెక్కలి, శ్రీకాకుళం జిల్లా